చేతి తొడుగు ఉంటే చాలదు

కర్నూలు పెద్దాసుపత్రికి మన జిల్లావారే కాక నంద్యాల, గద్వాల, రాయచూరు వైపు నుంచి కూడా రోగులు తరలివస్తారు. డాక్టరు వచ్చి చూసి వెళ్లాక, రోగికి పక్క మార్చేది, ఒళ్లు తుడిచేది, బెడ్‌పాన్ పెట్టి తీసేది ఎంఎన్‌ఓలు, ఎఫ్‌ఎన్‌ఓలు (నర్సులకు సాయపడే మగ, ఆడ సహాయకులు), ఆయాలే. చేతుల శుభ్రతపై శిక్షణ అనగానే డాక్టర్లు, స్టాఫ్ నర్సులు గుర్తుకొస్తారు గానీ, రోగిని రోజంతా తాకే ఈ చేతులు గుర్తుకు రాకపోవడం విచారకరం.

ఆసుపత్రి వార్డుల్లో తరచూ కంటబడే దృశ్యం ఒకటుంది. ఆయా చేతి తొడుగులు (గ్లౌజులు) వేసుకుని మూత్రం సంచి ఖాళీ చేస్తుంది. అవే తొడుగులతో పక్క మంచం మీది ముసలాయనను ఒత్తిగిలి పడుకోబెట్టి, సెలైన్ స్టాండు జరుపుతుంది. తన చేతికి ఏమీ అంటలేదన్న ధీమా ఆమెది. తొడుగుకు అంటినదంతా ముసలాయనకు, స్టాండుకు చేరిపోయింది. తొడుగుకు కంటికి కనిపించని చిల్లులుండవచ్చు, తీసేటప్పుడూ మురికి చేతికి తగలవచ్చు. అందుకే రోగి రోగికీ తొడుగు మార్చాలి, తీసిన ప్రతిసారీ చేతులు శుభ్రం చేసుకోవాలి.

రోగిని తాకేముందు, తాకాక, శుభ్రత తప్పనిసరైన పనికి ముందు, మలమూత్రాలు, రక్తం తగిలే పని అయ్యాక, చివరికి రోగి మంచాన్నో దుప్పటినో ముట్టుకున్నాక కూడా చేతులు శుభ్రం చేసుకోవాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన అయిదు సందర్భాల నియమం. శానిటైజరుతో అయితే 20 నుంచి 30 సెకన్లు, సబ్బూ నీళ్లతో అయితే 40 నుంచి 60 సెకన్లు పడుతుంది. చేతికి మురికి కనిపిస్తున్నా, రోగికి విరేచనాలవుతున్నా సబ్బే వాడాలి. బొటనవేలు, వేళ్ల సందులు, గోళ్ల కొసలే ఎక్కువగా తప్పిపోతాయి. డ్యూటీలో గాజులు, ఉంగరాలు తీయమనడం మన ఆడవాళ్లకు మనసొప్పని మాటే, కానీ వాటి కింద మురికి నిలుస్తుంది.

1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు బ్లీచింగ్ పౌడరు నీళ్లతో చేతులు కడిగించాక, ప్రసూతి వార్డులో నూటికి 18గా ఉన్న తల్లుల మరణాలు రెండు నెలల్లోనే రెండుకు దిగాయి. ఆయన ఉపదేశంతో ఆగలేదు, కడుక్కోవడానికి ద్రావణం అందుబాటులో ఉంచాడు.

మన దగ్గర ఆ ఏర్పాటే కొరవడుతోంది. ఏప్రిల్, మే నెలల్లో కొళాయి ఎండితే ఆయాను తప్పుపట్టి ప్రయోజనం లేదు. ప్రతి మంచానికీ ఒక శానిటైజరు సీసా, సింకు దగ్గర సబ్బు, అందరూ తుడుచుకునే ఒకే తువ్వాలుకు బదులు కాగితం తువ్వాళ్లు ఉండాలి. అవి ఉన్నాయో లేదో ప్రతి షిఫ్టు మొదట్లో వార్డు ఇన్‌ఛార్జి చూసి సంతకం చేయాలి. ఔట్‌సోర్సింగ్ వారికి సైతం చేతులు పట్టి చూపించే శిక్షణ ఉద్యోగంలో చేరిన రోజే ఇవ్వాలి.