బయటివాళ్లకు ప్రవేశం లేదు

మా అపార్ట్‌మెంట్ గేటుకి కొత్త బోర్డు పెట్టారు: "బయటివాళ్లకు ప్రవేశం లేదు." అదీ విశాఖపట్నంలో! 1933లో పోర్టు తెరిచింది మొదలు షిప్‌యార్డనీ, నేవీ అనీ, స్టీల్‌ప్లాంటనీ బయటివాళ్లు వచ్చి వచ్చి నగరమైన ఊళ్లో. భీమిలి సమాధుల్లో వందల ఏళ్లుగా పడుకున్న డచ్చివాళ్లను ఖాళీ చేయించే తీర్మానం మాత్రం ఇంకా పెట్టలేదు, సంతోషం.

ఇంతకీ బయటివాడంటే ఎవడు? అది తేల్చడానికి టెర్రస్ మీద అత్యవసర సమావేశం. అధ్యక్షులది టెక్కలి, కార్యదర్శిది భీమవరం, కోశాధికారి బరంపురం నుంచి బదిలీ మీద వచ్చి ఇక్కడే ఫ్లాటు కొన్నారు. లోకల్ అవునో కాదో తేల్చే పరీక్ష పెడదామన్నారు కార్యదర్శి గారు. ప్రశ్న కూడా ఆయనే తయారుచేశారు: సింహాచలం అప్పన్న నిజరూప దర్శనం ఏ తిథినాడు? అధ్యక్షులు ఆకాశం వైపు చూశారు. కోశాధికారి "ఆ రోజు బ్యాంకుకి సెలవుండదండీ, అందుకే గుర్తులేదు" అన్నారు. ప్రశ్న వేసినాయన ఫోన్లో వెతుకుతున్నారు, సిగ్నల్ లేదు. టీ గ్లాసులు పట్టుకొచ్చిన వాచ్‌మన్, గంజాం కుర్రాడు, "అక్షయ తదియ సార్. ఏటా క్యూలో నిలబడతాను" అన్నాడు. సభ దీర్ఘంగా ఆలోచించి, యాస తేడాగా ఉన్నందున ఆ జవాబు చెల్లదని తీర్మానించింది.

తర్వాత వాటర్ ట్యాంకు. హిందీ ప్లంబర్లు అందులో ఏమైనా కలుపుతారేమోనని మూడో అంతస్తు పెద్దాయన బెంగ. పాతకాలపు బెంగే. యూదులు బావుల్లో విషం కలిపి ప్లేగు తెప్పిస్తున్నారంటూ 1349 ఫిబ్రవరిలో ఐరోపాలోని స్ట్రాస్‌బర్గ్‌లో వందల మందిని తగలబెట్టారు. అప్పటికి ఆ ఊరికి ప్లేగు రానే లేదు!

అధ్యక్షుల వారి తాతగారు రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్లొచ్చిన మనిషి. ఆయన తెచ్చిన టేకు మంచం గురించి ప్రతి మీటింగులో వింటాం. మిగతాది ఎవరూ చెప్పరు. 1930 మేలో రంగం రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలు బర్మీయులను పనిలో దించి, సమ్మె తీరగానే వాళ్లను పొమ్మన్నాయి. ఆ కోపం కంపెనీల మీదికి పోలేదు, పక్కనున్న కూలీ మీద పడింది. వందమందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది మనవాళ్లే. 1960లలో బర్మాలో నెవిన్ సైనిక ప్రభుత్వం దుకాణాలన్నీ లాగేసుకున్నాక కట్టుబట్టలతో ఓడలెక్కి వచ్చినవాళ్ల గుర్తే కంచరపాలెం పక్కనున్న బర్మా క్యాంపు. అక్కడ మనవాళ్లను కోరంగీలన్నారు, ఇక్కడికొస్తే బర్మావాళ్లన్నారు! ఆ క్యాంపున్న ఊళ్లోనే కూర్చుని "వీళ్లొచ్చి మన పనులు లాక్కుంటున్నారు" అనడానికి నోరెలా వస్తుందయ్యా? ఎండలో పదో అంతస్తుకి తాడు కట్టుకుని వేలాడే పని నీ కొడుక్కి కావాలా? కావాలంటే చెప్పు, రేపే ఇప్పిస్తాను!

సభ చివరి అంశం, గోడలకు రంగులు. ఒడిశా కుర్రాళ్లయితే అడుగుకి మూడు రూపాయలు తక్కువట. ఏకగ్రీవంగా ఆమోదించారు.