ఇంటర్న్‌కు హక్కులు లేవని ఎవరు చెప్పారు?

ఈ నెలలో ఆ సందేశం నాకు రావడం ఇది ఐదోసారి. ‘జర్నలిజం విద్యార్థులకు ఆరు చేదు నిజాలు’ అని దాని శీర్షిక. పంపినవారిలో ఇద్దరు నా పాత విద్యార్థులు, ఒకరు నాతోపాటు డెస్కులో, అంటే వార్తలు దిద్దే విభాగంలో, పనిచేసిన మిత్రుడు. ఆయన దాన్ని పూర్తిగా చదివి పంపాడంటే నేను నమ్మను. చదివి ఉంటే నాలుగో అంశం దగ్గర వేలు ఆగిపోయి ఉండేది.

మొదటిది: ‘ఇంగ్లిష్ రాకపోతే ఇంటర్న్‌షిప్ దండగ.’ మండలం నుంచి విలేకరి రాసి పంపిన కాపీని జిల్లా డెస్కులో ఏ భాషలో దిద్దుతారు? రెండోది: ‘సొంత కెమెరా, ల్యాప్‌టాప్ లేనివారిని లోపలికి రానివ్వరు.’ అబద్ధం. నోటుపుస్తకం, మామూలు ఫోను తీసుకుని వెళ్లిన పిల్లలు మంచి వార్తలు తేవడం నేను కళ్లారా చూశాను.

మూడోది: ‘ఆరు నెలలు ఉచితంగా పనిచేయడం గురుదక్షిణ. డబ్బు అడగకూడదు.’ దక్షిణ ఇవ్వాలంటే ముందు గురువు ఉండాలి. పొద్దుటి నుంచి రాత్రి దాకా టీవీ తెర అడుగున పరుగెత్తే స్క్రోలింగ్ టైపు చేయించుకుని, ఒక్క ఇంట్రో (వార్త మొదటి పేరా) కూడా దిద్ది చూపించని చోట గురువెవరు? లెక్క చూడండి. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2022 డిసెంబరులో ప్రకటించిన డిగ్రీ పాఠ్య ప్రణాళిక ప్రకారం ఇంటర్న్‌షిప్‌లో ఒక క్రెడిట్ అంటే సెమిస్టర్ మొత్తం మీద సుమారు 30 గంటల పని. నాలుగు క్రెడిట్లకు 120 గంటలు. రోజుకు ఎనిమిది గంటల చొప్పున పదిహేను రోజులు. ఆ క్రెడిట్లకే ఆరు నెలలు కూర్చోబెడితే మిగతా ఐదున్నర నెలలూ కూలి ఇవ్వని చాకిరీయే. ఈనాడు జర్నలిజం స్కూలు వంటి చోట్ల శిక్షణలో ఉన్నవారికి స్టైపెండ్ ఇస్తారు. ఊళ్లో ఉండి వార్త పంపే కంట్రిబ్యూటర్‌కు, ఎంత తక్కువైనా, లైన్ అకౌంట్ (అచ్చయిన వార్త నిడివిని బట్టి ఇచ్చే సొమ్ము) అంటూ ఒకటి ఉంటుంది. విద్యార్థికి మాత్రం ఏమీ అక్కర్లేదా?

ఇక నాలుగోది. ‘ఆఫీసులో ఎవరైనా తప్పుగా ప్రవర్తిస్తే సర్దుకుపోవాలి. ఇంటర్న్ ఉద్యోగి కాదు, చట్టం వర్తించదు. ఫిర్యాదు చేస్తే కెరీర్ పోతుంది.’ ఈ మూడు వాక్యాలు రాసినవారెవరో నాకు తెలియదు. ఇరవై ఏళ్ల అమ్మాయిని మొదటిసారి రాత్రి షిఫ్టుకు పంపేముందు ఆమె చెవిలో ఊదే మాటలేనా ఇవి?

పని ప్రదేశంలో మహిళలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం 2013లో వచ్చింది. అందులోని రెండో సెక్షన్ ఉద్యోగి అంటే ఎవరో స్పష్టంగా చెబుతుంది. జీతం ఉన్నా లేకున్నా, స్వచ్ఛందంగా చేసినా, ట్రైనీ అన్నా, అప్రెంటిస్ అన్నా, మరే పేరుతో పిలిచినా ఉద్యోగే. పని ప్రదేశం అంటే ఆఫీసు గది ఒక్కటే కాదు. పని మీద వెళ్లిన ప్రతి చోటూ, సంస్థ ఏర్పాటు చేసిన వాహనమూ దాని కిందికే వస్తాయి. పది మంది లేదా అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే ప్రతి సంస్థలోనూ ఇలాంటి ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి. అంతకన్నా చిన్న సంస్థ అయితే జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది. కాలేజీ బాధ్యతా అక్కడితో తీరదు. యూజీసీ 2015 నిబంధనలు క్యాంపస్‌ను నిర్వచించేటప్పుడు ఇంటర్న్‌షిప్ జరిగే చోటును పేరుపెట్టి చేర్చాయి. అంటే విద్యార్థిని తన కాలేజీ కమిటీ తలుపు కూడా తట్టవచ్చు. అబ్బాయిలూ వేధింపులకు గురికావచ్చని ఆ నిబంధనలు గుర్తించాయి.

చట్టంలో గడువు ఉంది కాబట్టే ఈ సందేశం అంత ప్రమాదకరం. ఘటన జరిగిన మూడు నెలల్లోగా ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ మరో మూడు నెలలు పొడిగించవచ్చు. కొన్నేళ్ల క్రితం నా విద్యార్థిని ఒకరు ఒక చానల్‌లో ఇంటర్న్‌షిప్ మధ్యలోనే వదిలేసి వచ్చారు. ఎందుకో చెప్పడానికి ఆమెకు పది వారాలు పట్టింది. ‘నేను ఇంటర్న్‌ను కదా సార్, నా మాట ఎవరు వింటారు?’ అన్నారు. ఆ మాట ఆమెకు పుట్టుకతో రాలేదు. ఇలాంటి సందేశాలే నేర్పాయి.

ఐదోది: ‘ఇంటర్న్‌షిప్ కన్నా సొంత యూట్యూబ్ చానల్ మేలు.’ దీన్నీ కొట్టిపారేద్దామనే కూర్చున్నాను. కానీ గత ఏడాది ఒక విద్యార్థి తన ఊరి చెరువు పూడిక మీద ఫోనుతో తీసిన ఎనిమిది నిమిషాల కథనం గుర్తొచ్చింది. రైతులతో మాట్లాడాడు, నీటిపారుదల ఇంజినీరు వివరణ తీసుకున్నాడు, పాత ఫొటోలు సంపాదించాడు. అదే సెలవుల్లో పేరున్న చానల్‌కు వెళ్లిన అతని స్నేహితుడు రెండు నెలలు చానల్ లోగో ఉన్న మైకు పట్టుకుని నిలబడి వచ్చాడు. ఇద్దరిలో విలేకరి పని నేర్చుకున్నది మొదటివాడే. దిద్దేవారు ఎవరైనా ఉంటే ఇంకా బాగా నేర్చుకునేవాడు, అయినా ఈ అంశంలో సందేశానిదే పైచేయి. ఒప్పుకుంటున్నాను.

ఆరోది, సర్టిఫికెట్ కొనుక్కోవచ్చన్నది. వైవాలో (మౌఖిక పరీక్షలో) ‘మీరు రాసిన మొదటి వార్త ఏది?’ అని అడిగితే ఆ కాగితం జవాబు చెప్పదు.

నిన్న రాత్రి మిత్రుడికి ఫోన్ చేశాను. గ్రూపులో ఆ సందేశం తీసేసి, దాని స్థానంలో 2013 చట్టం రెండో సెక్షన్ పెట్టమన్నాను. సరేనన్నాడు. ఈ ఉదయానికి ఇంకా పెట్టలేదు. మళ్లీ ఫోన్ చేస్తాను.