ఎముకల గుంట ముందు తేలిపోయే తీర్పు

పాత నిబంధన పైపైన చదివితే ప్రాచీన ఇశ్రాయేలీయులు మృతులను పూడ్చి మరిచిపోయారనిపిస్తుంది. మంచివాడైనా చెడ్డవాడైనా చేరేది పాతాళానికే. అక్కడ స్తుతి లేదు, ప్రతిఫలం లేదు. చనిపోయినవారితో వారికి పనే లేదని తేల్చేసే పండితులూ ఉన్నారు. ఆ తీర్పు సమాధుల ముందు నిలవదు.

యెరూషలేములో హిన్నోము లోయ అంచున కేతెఫ్ హిన్నోమ్ సమాధులను 1979లో గాబ్రియేల్ బర్కాయ్ తవ్వించారు. కొండను గదులుగా తొలిచి, గోడల వెంట రాతి అరుగులు వదిలిన కుటుంబ సమాధులవి. శవాన్ని అరుగు మీద పడుకోబెట్టేవారు. ఎముకలే మిగిలాక వాటిని కింది గుంటలో తాతముత్తాతల ఎముకలతో కలిపేసి, తర్వాతివారికి చోటు చేసేవారు. ‘తన పితరులతో చేరాడు’ అన్న బైబిలు మాట అక్కడ అక్షరాలా జరిగేది. దొంగల కంటపడని ఒక గుంటలో కనీసం 95 మంది అవశేషాలు, కుండలు, దీపాలు, నగలు బయటపడ్డాయి. యాజకుల దీవెన చెక్కిన రెండు వెండి రేకుల చుట్టలు కూడా దొరికాయి. అవి తాయెత్తులు. (ఇంత హంగు కలవారికే. సామాన్యులకు కిద్రోను లోయలో మట్టి గోతులు.)

ఇక ధర్మశాస్త్రం చూడండి. దేవుని పేర తీసే దశమభాగం, అంటే పంటలో పదో వంతులోంచి మృతులకేమీ పెట్టలేదని రైతు ప్రమాణం చేయాలంటుంది ద్వితీయోపదేశకాండము. నిషేధం ఆ ధాన్యం వరకే. పెట్టే అలవాటే లేకపోతే ఆ ప్రమాణమెందుకు? మృతులను పిలిచి సోదె చెప్పేవారిని దేశం నుంచి వెళ్లగొట్టిన రాజు సౌలే మారువేషంలో ఏన్దోరులోని సోదెగత్తె దగ్గరకు వెళ్తాడు. ఆ కథ ఆమెను మోసగత్తె అనదు. చనిపోయిన ప్రవక్త సమూయేలు నిజంగానే పైకి వచ్చి, నన్నెందుకు కదిపావని రాజును మందలిస్తాడు.

నా దృష్టిలో ఇది నమ్మకం లేకపోవడం కాదు, అధికారం కోసం పోటీ. ఆపదలో మనిషి తాతనడగాలా, యెహోవానడగాలా? ప్రవక్త యెషయా కోపమంతా ఆ ప్రశ్న మీదే. శవాన్ని ముట్టినవాడికి ఏడు రోజుల మైల విధించిన యాజకులూ తమ వంతుగా బతికినవారికీ పోయినవారికీ మధ్య గీత గీశారు.

పునరుత్థానం స్పష్టంగా వినిపించేది చాలా ఆలస్యంగా, దానియేలు గ్రంథంలో. క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్ది చివర ఎముకలను విడివిడి రాతిపెట్టెల్లో దాచడం మొదలైంది. లేచే రోజుకు ఎవరి ఎముకలు వారికే ఉండాలని అలా చేశారనే వివరణ ఉంది. కానీ 1990లో దొరికిన పెట్టెల్లో ఒకదాని మీద కయప పేరుంది. అది ప్రధాన యాజకుడు కయపదేనని చాలామంది అంగీకరిస్తారు. ఆ యాజక వర్గపు సద్దూకయ్యులు పునరుత్థానమే లేదన్నారు, అయినా ఎముకలను మాత్రం అలాగే భద్రపరిచారు.