ఫలానావాళ్ల మోకాలు గారికి

మహారాజశ్రీ ఫలానావాళ్ల మోకాలు గారి దివ్యసముఖమునకు,

మోకాలి వంపు కొలిచే గోనియోమీటర్ చేత పట్టుకుని తిరిగే ఫిజియోథెరపీ వాళ్లు నమస్కరించి వ్రాయు లేఖ. ఉభయకుశలోపరి.

తమరిని మేము కళ్లారా చూసింది లేదు. అయినా మోకాలి మార్పిడి ఆపరేషన్ అయినవాళ్ల ఇంట తమరి ఊసు లేని పరామర్శ ఉండదు. వచ్చినవాళ్లు యాపిల్ పళ్ల సంచి కుర్చీ పక్కన పెట్టి, కట్టు వంక ఒకసారి చూసి, "మా ఫలానావాళ్లు పదో రోజుకే కర్ర పారేశారు తెలుసా" అంటూ తమరిని గదిలోకి ప్రవేశపెడతారు. మూడోవారం స్కూటరెక్కారట. నెల తిరిగేసరికి అలిపిరి 3,550 మెట్లూ ఎక్కేశారట. పీట మీద బాసింపట్టు వేసుకుని వ్రతం కూడా చేశారట. వాకర్ సాయంతో బాత్రూమ్ దాకా తానే వెళ్లొచ్చానని పొద్దుట్నుంచీ మురిసిపోతున్న మంచం మీది పెద్దావిడ మొహం అంతటితో చిన్నబోతుంది.

తమరిని అడగాల్సిన మొదటి ప్రశ్న ఎవరూ అడగరు. ఆపరేషన్‌కి ముందు తమరు ఎంత వంగేవారు? 120 డిగ్రీలు వంగే మోకాలు తర్వాత కూడా దాదాపు అక్కడికే చేరుతుంది. ఏళ్ల తరబడి 80 దగ్గర బిగుసుకుపోయిన మోకాలికి ఆ దారి చాలా పొడుగు. డాక్టర్లు మార్చింది అరిగిన ఎముక చివరల్నే కదా. తొడ ఎముక కింది చివరకి లోహపు తొడుగు, కాలి ఎముక మీద ఒక పళ్లెం, రెండింటి మధ్య పాలిథిలిన్ అనే ప్లాస్టిక్ ముక్క. చుట్టూ ఉన్న కండరాలు పాతవే. పదేళ్లు కుంటిన కాలి తొడకి అది కుంటిన కాలమంతా గుర్తుంటుంది. పైగా తమరికి ఒక్కటే చేశారా, రెండూ ఒకేసారి చేశారా? షుగర్ ఉందా? ఆ రెండోది బరువు మోసే స్థితిలో ఉందా, అదీ అరిగిపోయి మూలుగుతోందా? ఇవేవీ తమరి కథలో రావు.

తమరి కీర్తి విన్న రోజు సాయంత్రం ఏం జరుగుతుందో చెబుతాం. పెద్దావిడ పౌరుషానికి పోయి హాల్లో రెండుకి బదులు పది చుట్లు తిరుగుతుంది. రాత్రికి మోకాలు బూడిదగుమ్మడికాయ అవుతుంది. కీలు లోపల నీరు చేరితే తొడ ముందు కండరం సరిగా పనిచేయదు. మోకాలి వాపుకి భయపడి శరీరమే ఆ కండరాన్ని అదిమి పెడుతుంది. అందుకే నిన్న నిటారుగా లేచిన కాలు ఇవాళ పరుపు మీంచి లేవదు. "చూశావా, వ్యాయామం చాలడం లేదు" అని ఇంట్లోవాళ్లు ఇంకో ఇరవై చేయిస్తారు. వాపు ఇంకా పెరుగుతుంది.

మా లెక్క వేరు. వ్యాయామం అయ్యాక పెరిగిన నొప్పి కాసేపటికి దిగితే మోతాదు సరిపోయినట్టే. మర్నాడు పొద్దుటికి కూడా వాపు ముందురోజు కంటే ఎక్కువగానే ఉంటే నిన్న శ్రుతిమించినట్టు. అప్పుడు లెక్క సగానికి తగ్గించాలి, మానెయ్యకూడదు. ఐస్ తువ్వాల్లో చుట్టి 15 నుంచి 20 నిమిషాలు పెట్టాలి, కాలు గుండె కంటే ఎత్తులో ఉండాలి. నొప్పి మాత్ర డాక్టరు రాసిందే, వ్యాయామానికి అరగంట ముందు పడితే బాగా పనిచేస్తుంది. నొప్పి ముదిరాక వేసుకుంటే ఆ పూట వ్యాయామం పోయినట్టే.

తమరి వల్ల ఇంకో రకం నష్టమూ ఉంది. తమరి మీద ఒళ్లు మండి "నా వేగం నాది" అని దుప్పటి కప్పుకునేవాళ్లు. మాట నిజమే, కానీ మోకాలి లోపల మానుతున్న కణజాలానికి ఆ సంగతి తెలియదు. మొదటి ఆరు వారాల్లో అది కాస్త మెత్తగా ఉంటుంది, నెలలు గడిచేకొద్దీ గట్టిపడుతుంది. ఆరు నుంచి పన్నెండు వారాల్లో 90 డిగ్రీలు కూడా రాకపోతే, మత్తు ఇచ్చి మోకాలు వంచే మాట డాక్టరు ఎత్తవచ్చు. మెల్లగా నడవండి, తక్కువ దూరం నడవండి, ఎవరూ కాదనరు. మడమ పరుపు మీద జార్చుతూ మోకాలు వంచడం మాత్రం రోజూ మూడు నాలుగు పూటలు జరగాల్సిందే.

ఇంతకీ తమరి గురించి చెప్పేవాళ్లంతా వంపు గురించే చెబుతారు. మోకాలు పూర్తిగా చాపగలరా అని అడిగిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. అయిదు పది డిగ్రీలు వంగే ఉండిపోతే నడకలో కుంటు పోదు, తొడ కండరం త్వరగా అలిసిపోతుంది. దీనికి ఇంటింటా ఉన్న విలన్ దిండు. మోకాలి కింద పెడితే స్వర్గంలా ఉంటుంది, వారాల తరబడి అక్కడే ఉంటే మోకాలు అదే వంపుకి అలవాటు పడుతుంది. దిండు మడమ కింద పెట్టాలి, మోకాలు గాల్లో తేలాలి. పది నిమిషాలు భరించడం కూడా కష్టమే. తమరు భరించారా?

పదో రోజుకి కర్ర పారేశారన్నారు. పారేసే ముందు ఏ చేత్తో పట్టుకున్నారు? చాలామంది ఆపరేషన్ అయిన కాలి వైపే పట్టుకుంటారు. అది తప్పు, రెండో వైపు చేతిలో ఉండాలి. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. కర్ర ఆపరేషన్ కాలితోబాటే కదలాలి. అలిపిరిలో తమరు ఇదంతా పాటించే ఉంటారు.

రాత్రి రెండింటికి తమరేం చేస్తుంటారో కూడా ఎవరూ చెప్పరు. వారాల తరబడి నిద్ర తెగిపోవడం, నెలల తరబడి మోకాలు వెచ్చగా ఉండడం, కుట్టుకి బయటి వైపు అరచెయ్యంత మేర మొద్దుబారడం, లేచినప్పుడల్లా లోపల టక్కుమనడం మామూలే. చర్మం కోసినప్పుడు చిన్న నరం తెగడం వల్ల ఆ మొద్దు, లోహం ప్లాస్టిక్‌కి తగలడం వల్ల ఆ చప్పుడు. ఈ మాట చెప్పేవాళ్లు లేక ఎంతమంది భయపడుతున్నారో తమరికి తెలియదు.

భయపడాల్సినవి వేరే ఉన్నాయి. పిక్క వాచి నొప్పెట్టడం, ఆయాసం, గుండెలో నొప్పి, కుట్టు దగ్గర చీము లేదా నీరు కారడం, జ్వరం. వీటికి ఎవరి వేగమూ వర్తించదు, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. తమరు నువ్వులనూనె మర్దనతోనే కోలుకున్నారని ప్రచారం చేసే బంధువులకు దయచేసి తమరే నచ్చజెప్పండి. రక్తం గడ్డకట్టిన పిక్కని పిసికితే ఆ గడ్డ ఊపిరితిత్తుల దాకా ప్రయాణం కట్టవచ్చు.

ఇట్లు,
తమరి అసలు డిగ్రీల లెక్క కోసం ఎదురుచూసే
కొలతలవాళ్లు

తా.క.: తమరి పక్కనే కాపురముండే రెండో మోకాలు మొన్న ఎక్స్‌రే తీయించుకుందని వినికిడి. అటకెక్కిన వాకర్ దింపించండి. దాని కాళ్లకున్న రబ్బరు బుడిపెలు అరిగితే నున్నటి బండల మీద జారుతుంది, కొత్తవి వేయించండి. నిటారుగా నిలబడి చేతులు వదిలేస్తే పిడి మణికట్టు దగ్గరకు రావాలి. పోయినసారి ఇంట్లో ఎవరెవరు వాడుకున్నారో ఏమో, ఎత్తు మారిపోయి ఉంటుంది.