పొడి కందెన, తడి చెయ్యి

కోనసీమలో అర్జెంటుగా తేలాల్సిన సమస్యలు రెండున్నాయి. ఒకటి కొబ్బరికాయ ధర. అది ఎప్పటికీ తేలదు కాబట్టి పక్కన పెడదాం. రెండోది, రైఫిల్ తూటాకి నల్ల పూత మంచిదా, తెల్ల పూత మంచిదా అన్నది. మా ఊరి కాలవగట్టు మీద టీ కొట్టు దగ్గర ఈ విషయమై నాలుగు నెలలుగా జరుగుతున్న చర్చని లోకం ముందు పెట్టకపోతే పౌరుడిగా నా బాధ్యత తీరదు.

దీనికంతకీ కారకుడు మా బావ. టెక్సాస్‌లో ఉంటాడు, శనివారాలు గురి పోటీలకి వెళ్తాడు. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు ఊరంతా డేగా కాకీ అని కోడిపుంజుల గురించి కొట్టుకుంటుంటే, తను మాత్రం మాలిబ్డినం డైసల్ఫైడ్ అన్నాడు. తూటాకి పూసే నల్లటి పొడి కందెన అది. నోరు తిరక్క మావాళ్లు దాన్ని ‘మాలీ’ చేశారు. అమెరికాలోనూ దాన్ని మాలీ అనే అంటారట. బద్ధకంలో మనం ఎవరికీ తీసిపోలేదు.

ఆ పొడి సంగతి మావాళ్లకి ఇట్టే అర్థమైపోయింది, ఎందుకంటే దాని లోపలి కట్టడం అచ్చం పూతరేకు. గంధకం రేకు, మాలిబ్డినం రేకు, మళ్లీ గంధకం రేకు. ఈ మూడూ ఒకదాన్నొకటి గట్టిగా కరుచుకుని ఒక పొరవుతాయి. పొరకీ పొరకీ మధ్య మాత్రం పట్టుండదు. కాస్త ఒత్తితే ఒకదాని మీంచి ఒకటి జారిపోతాయి. ఆత్రేయపురం వాళ్లు మధ్యలో నెయ్యన్నా రాస్తారు, ఇక్కడ అదీ అక్కర్లేదు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు ఇచ్చినవాళ్లు ఈ ఆయుధ కోణం కూడా పరిశీలించి ఉండాల్సింది.

తూటాల్నీ ఈ పొడినీ ఉక్కు గుళ్లతో కలిపి డబ్బాలో పోసి గంటల తరబడి దొర్లిస్తారు. పొడి పట్టాక పైన కార్నోబా మైనం. అది బ్రెజిల్లో తాటి జాతి చెట్టు ఆకుల మీద పుడుతుంది. మన తాటిచెట్టు కల్లిచ్చి ఊరుకుంది.

1990ల్లో అమెరికా గురికాళ్లు దీని వెంట వేలంవెర్రిగా పడ్డారు. తుపాకి గొట్టం లోపల తూటా మీది రాగి అంటుకోదన్నారు, తుడవకుండా ఎక్కువ గుళ్లు కాల్చొచ్చన్నారు, గొట్టం కలకాలం మన్నుతుందన్నారు. మా పెదనాన్న ఇక్కడే ఒక ప్రశ్న వేశారు: “జారితే ఏం లాభంరా అబ్బాయ్?” బావ నిజాయితీపరుడు, ఉన్నదున్నట్టు చెప్పాడు. పూత పూసిన తూటా సులువుగా జారుతుంది. సులువుగా జారితే వెనక పీడనం తగ్గుతుంది. పీడనం తగ్గితే వేగం పడిపోతుంది. పోయిన వేగాన్ని వెనక్కి తెచ్చుకోవాలంటే మందు పెంచాలి. మందు పెంచితే వేగం పెరుగుతుందన్న సూత్రాన్ని రావులపాలెం హైవే మీద మనవాళ్లు ఏనాడో నిరూపించారు కాబట్టి దీని మీద ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఇంతా చేస్తే గొట్టం పాడయ్యేది ప్రధానంగా తూటా రాపిడితో కాదట. రెండు వేల డిగ్రీలు దాటిన మంట తగిలి, తూటా గొట్టం లోపల చెక్కిన గాళ్లలోకి దిగే చోటు ముందుగా కాలిపోతుంది. ఆ చోటుని వాళ్లూ గొంతే అంటారు. మందు వల్ల గొంతు కాలడం, పూత పూస్తే ఆగుతుందా? ఆ ముక్క అడిగినవాణ్ణి టీ కొట్టు దగ్గర ఆ రోజు నుంచీ ప్రగతి నిరోధకుడు అంటున్నారు.

ఊరు అప్పుడే రెండుగా చీలింది. మాలీ వాళ్లది నల్ల పక్షం. బోరాన్ నైట్రైడ్ అనే తెల్ల పొడి వాళ్లది తెల్ల పక్షం. మాలీ గాలిలో నాలుగొందల డిగ్రీల దగ్గరే చెడిపోతుంది, బోరాన్ నైట్రైడ్ ఎనిమిదొందలకి కూడా చలించదు. తెల్ల పక్షంలో పెద్దమనుషులు చేరడానికి కారణం అది కాదు. నల్ల పొడి పంచెకి అంటితే చాకిరేవు బండ అరగాల్సిందే గానీ మరక పోదు.

ఇంకో చిక్కు. మాలీకి తేమంటే గిట్టదు. గాలే లేని అంతరిక్షంలో, ఉపగ్రహాల కీళ్లలో భేషుగ్గా పనిచేస్తుంది. తేమ తగిలితే మెల్లమెల్లగా ఆక్సీకరణ చెంది ఆమ్లం పుట్టించి, కాపాడాల్సిన ఉక్కునే తుప్పు పట్టిస్తుంది. పూతరేకు డబ్బా మూత తీసి వానాకాలంలో వదిలేస్తే ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ ఈ డెల్టాలో కాలవ లేని ఊరుందా? చెమ్మ పట్టని గోడుందా? పెన్సిల్లో ఉండే గ్రాఫైట్‌ది మళ్లీ దీనికి తలకిందులు. గాలిలో కాస్త తేమ ఉంటేనే అది జారుతుంది, లేకపోతే గరగరమంటుంది. వెంటనే మూడో పక్షం పుట్టింది. గ్రాఫైటే మా స్థానిక కందెన, బయటి పొడులు మాకొద్దు అని వాళ్ల డిమాండు. ఎడ్లబండి ఇరుసుకి మన తాతలు ఆముదంలో గడ్డి మసి కలిపి పెట్టేవారని, గ్రాఫైట్ అంటే ఆ మసికి దూరపు చుట్టమేనని వాదన. మసీ గ్రాఫైటూ రెండూ కర్బనమే కాబట్టి కొట్టిపారేయడానికి లేదు.

తూటా పూతల్ని తేలిగ్గా తీసిపారేయకూడదు కూడా. 1857లో ఎన్‌ఫీల్డ్ తూటా కాగితానికి పూసిన కొవ్వు ఏ జంతువుదన్న అనుమానమే కదా కంపెనీ దొరల కొంప ముంచింది.

ఇక్కడ పాఠకుడికి సహజంగా ఒక సందేహం వస్తుంది: ఇంతకీ మీ ఊళ్లో రైఫిళ్లు ఎన్ని? ఒక్కటీ లేదు. ఉన్న తుపాకి ఒక్కటి, మా పెదనాన్న గారిది, తాతగారి నుంచి వచ్చిన పన్నెండు బోరు డబుల్ బారెల్. దాని గొట్టాలు నున్నగా ఉంటాయి, గాళ్లే ఉండవు. అందులో తూటా పడదు, రవ్వలు నిండిన కార్ట్రిడ్జి పడుతుంది. అంటే పూత పూయడానికి తూటా లేదు, దాన్ని పట్టుకోవడానికి గాడి లేదు. ఈ చిన్న విషయం చర్చ మొదలైన మూడో నెలలో బయటపడింది. అప్పటికే పక్షాలు స్థిరపడిపోయాయి కనక ఎవరూ పట్టించుకోలేదు.

పోనీ ఆ తుపాకి పేలిందెప్పుడు? 1972లో వన్యప్రాణి చట్టం వచ్చి వేటకి తలుపేసింది. 2019లో ఆయుధ చట్టానికి చేసిన సవరణతో పెళ్లిలో సరదాకి గాల్లోకి కాల్చినా రెండేళ్ల దాకా జైలు. నా చిన్నప్పుడు కొబ్బరితోటలో కోతుల్ని బెదిరించడానికి ఒకసారి పేల్చారు. కోతులు వెళ్లలేదు, పెద్దమ్మ పుట్టింటికి వెళ్లిపోయింది.

దాని గొట్టంలో రాపిడి లేదు. రాపిడంతా లైసెన్సు ఫైల్లో ఉంది. ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి జారడానికి ఆ ఫైలు తీసుకునే కాలంలో తూటా చంద్రుడి దాకా వెళ్లొస్తుంది. బావ అమాయకంగా, “ఫైలుకి ఏదన్నా పొడి కందెన ఉండదా మావయ్యా?” అన్నాడు. పెదనాన్న నవ్వి, “అక్కడ పొడివి పనిచెయ్యవురా. చెయ్యి తడపాలి” అన్నారు. ఆ కందెన మీద ఏ దేశంలోనూ వేలంవెర్రి తగ్గలేదని నా పరిశీలన. దానికీ పీడనం సూత్రమే వర్తిస్తుంది. ఒకసారి తడిపితే ఫైలు సులువుగా జారుతుంది, మరుసటిసారి అదే వేగం రావాలంటే మోతాదు పెంచాలి. అదే 2019 చట్టం లైసెన్సు గడువుని మూడేళ్ల నుంచి అయిదేళ్లు చేసింది. ఆ బల్లల వెనక దీన్ని సంతాప దినంగా పాటించి ఉంటారు.

ఆఖరికి, నున్న గొట్టమైనా సరే కాస్త మాలీ రుద్ది చూద్దామని నల్ల పక్షం తీర్మానించింది. బావ పంపిన రెండు డబ్బాలూ తెచ్చారు. అప్పుడు తెలిసింది, తుపాకి ఇంట్లో లేదని. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు స్టేషన్లో అప్పగించారు. కోడ్ అయిపోయింది, వెళ్లి తెచ్చుకోవడం పెదనాన్న మర్చిపోయారు. స్టేషన్ వాళ్లే నయం, నెలకోసారి ఎవరో కానిస్టేబులు కొబ్బరినూనె గుడ్డతో తుడుస్తున్నాడట. తుప్పు చుక్క లేదు.

డబ్బాలు వృథా పోలేదు లెండి. బోరాన్ అన్న పేరు చూసి, ఇది బోరిక్ పౌడరుకి అన్నగారయ్యుంటుందని కుర్రాళ్లు తెల్లది పట్టుకెళ్లి క్యారమ్ బోర్డు మీద చల్లారు. రెడ్డు మొదటి దెబ్బకే పడింది. స్ట్రైకర్ మాత్రం ఆగలేదు. బోర్డు అంచు ఎక్కి, టీ కొట్టు బల్ల దాటి, కాలవలో పడింది. ప్రస్తుతం రెండు పక్షాలూ కలిసి గేలం వేసి దాన్ని వెతుకుతున్నాయి.