నడక ఒక్కటే సరిపోదు
వృద్ధుల వ్యాయామంపై వచ్చిన ఒక వ్యాసం చదివాను. రోజూ నడిస్తే చాలు, వేరే వ్యాయామం అక్కర్లేదన్న ఆ వ్యాసకర్త మాటతో పూర్తిగా ఏకీభవించలేను. నడక గుండెకూ రక్తపోటు అదుపుకూ మేలు చేస్తుందనడంలో సందేహం లేదు. అయితే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో విడుదల చేసిన మార్గదర్శకాలు వయోజనులకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ తీవ్రత గల వ్యాయామంతో (వేగంగా నడవడం వంటివి) పాటు, కనీసం 2 రోజులు కండరాలకు బలాన్నిచ్చే కసరత్తులు కూడా ఉండాలని చెబుతున్నాయి. ఈ రెండో భాగాన్నే చాలామంది సౌకర్యంగా మరచిపోతారు. వయసు పైబడేకొద్దీ కండ తరుగుతుంది; భోజనం తర్వాత రక్తంలో చేరే గ్లూకోజును ఎక్కువగా పీల్చుకునేది కండరాలే కాబట్టి, ఆ నష్టం కేవలం బలానికి పరిమితం కాదు. మా నాన్నగారు ఏళ్ల తరబడి నడక మానలేదు, అయినా కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించి, ఒకసారి ముందుకు ఊగి లేచేవారు. ఫిజియోథెరపిస్టు సలహాపై కూర్చుని లేవడం, గోడకు అరచేతులు ఆనించి ఒంటిని ముందుకూ వెనక్కూ తోయడం వంటివి సాధన చేశాక, కొన్ని నెలలకు చేతులు ఒళ్లోనే ఉంచుకుని లేవగలిగారు. పరికరాలేవీ కొనలేదు. 65 ఏళ్లు దాటినవారు పడిపోకుండా ఉండేందుకు శరీర సమతుల్యతను పెంచే వ్యాయామాలను వారానికి 3 రోజులైనా చేయాలని అవే మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. వృద్ధుల కోసమే రాసిన వ్యాసంలో ఆ ప్రస్తావన లేకపోవడం పెద్ద లోటు.