ప్యాంటా? పాటా?

హిప్‌హాప్ ఎందుకు పుట్టిందని అడిగితే అభిమానులు పెద్ద పెద్ద మాటలు చెబుతారు. పేదరికం, అణచివేత, వీధి బతుకు, ధిక్కారం. అన్నీ నిజమే. కానీ జాతకం తీసి చూస్తే అసలు కారణం బట్టలు. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ నగరం బ్రాంక్స్ ప్రాంతంలో, 1520 సెడ్జ్‌విక్ ఎవెన్యూ అనే అపార్ట్‌మెంటులో సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి ఒక పార్టీ ఏర్పాటు చేసింది. బడి తెరిచేలోగా కొత్త బట్టలు కొనుక్కోవాలని ఆమె ఆశ. ప్రవేశ రుసుము ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50. రికార్డులు వేసే పని అన్నయ్య క్లైవ్‌కు అప్పగించింది. లోకం అతన్ని డీజే కూల్ హెర్క్ అంటుంది. చెల్లెలికి బట్టల డబ్బు దొరికింది, లోకానికి ఒక సంగీతం దొరికింది. వరసలో ముందున్నది బట్టలే కాబట్టి, నా హిప్‌హాప్ వేషం చూసి ఎవరైనా నవ్వితే చరిత్ర చదువుకోని వాళ్ళని క్షమించేస్తాను. మా ఇంట్లో అలా క్షమాపాత్రులు ఇద్దరున్నారు: మా ఆవిడ, మా అబ్బాయి.

హిప్‌హాప్‌లో నాకు అన్నిటికన్నా నచ్చేదేమిటంటే, అక్కడ ఏ ఉపద్రవమూ ఉపద్రవంగా మిగిలిపోదు. 1975 ప్రాంతంలో థియోడోర్ అనే కుర్రవాడు గది దద్దరిల్లేలా పాటలు పెట్టుకుంటే వాళ్ళమ్మ తలుపు దగ్గరికి వచ్చి కేకలేసింది. ఆవిడ మాట వినిపించడానికి తిరుగుతున్న రికార్డును చేత్తో ఆపాడు. ఆ చెయ్యి ఊరుకోక ముందుకూ వెనక్కూ ఆడింది. అప్పుడు వచ్చిన గీరుడు చప్పుడే తర్వాత స్క్రాచింగ్ అనే విద్య అయింది, కుర్రవాడు గ్రాండ్ విజార్డ్ థియోడోర్ అయ్యాడు. మా అమ్మ నన్ను ఇంతకంటే గట్టిగానే తిట్టేది. నా చేతి కింద రికార్డు లేకపోయింది, అంతే తేడా.

స్లిక్ రిక్ అనే ర్యాప్ గాయకుడి సంగతి చూడండి. పసితనంలో గాజుపెంకు తగిలి ఒక కన్ను దెబ్బతింది. కంటికి కట్టుకున్న పట్టీనే నగ చేసుకున్నాడు. రన్ డీఎంసీ బృందం లేసులు తీసేసిన అడిడాస్ బూట్లతో తిరిగింది. జైల్లో ఖైదీల దగ్గర లేసులు ఉంచరు కదా, ఆ వాడుకే వీధిలోకి వచ్చి ఫ్యాషన్ అయిందంటారు. 1986లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్ కచేరీలో వాళ్ళు అడగ్గానే ప్రేక్షకులు వేల సంఖ్యలో బూట్లు విప్పి గాలిలోకి ఎత్తారు. చూస్తున్న కంపెనీ ప్రతినిధికి కళ్ళు తిరిగి, ఆ తర్వాత ఒప్పందం కుదిరింది. అన్ని బూట్లు ఒకేసారి విప్పిన హాల్లో ఆ రాత్రి గాలి ఎలా ఉండి ఉంటుందో మాత్రం ఏ విమర్శకుడూ రాయలేదు.

ఇక ప్యాంటు. నాది తొంభైల నాటి వేషం. ఆ కాలపు ప్యాంటు తొడుక్కునేది కాదు, అందులో కాపురం ఉండేది. 1992లో క్రిస్ క్రాస్ అనే పేరుతో ర్యాప్ పాడే ఇద్దరు పిల్లలు ఆ ప్యాంట్లనే వెనకది ముందుకు తిప్పి వేసుకుని పేరు తెచ్చుకున్నారు. జిప్పు వెనక్కి పోతే తొందర వేళల్లో ఎలా నెగ్గుకొచ్చారో అని నేను ఇప్పటికీ కలతపడుతుంటాను. నేను అంత సాహసిని కాను. వదులు ప్యాంటు, అది నడుము కిందికి ఒక మెట్టు దిగి ఉండటం, మోకాళ్ళదాకా టీషర్టు, వంచని అంచుతో టోపీ. బెల్టు ఉండదు. జైల్లో లేసులతో పాటు బెల్టు కూడా తీసుకుంటారు కాబట్టి జారే ప్యాంటు కూడా అక్కడి నుంచే వచ్చిందని చాలామంది చెబుతారు. 2007లో లూసియానా రాష్ట్రంలోని డెల్‌కాంబ్ర్ అనే చిన్న పట్టణం, లోదుస్తులు కనిపించేలా ప్యాంటు వేస్తే 500 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు అని చట్టమే చేసింది. జైలు ఫ్యాషన్ వేసుకున్నవాణ్ణి జైల్లో పెడతారట. అక్కడ మళ్ళీ బెల్టు ఇవ్వరు. చట్టం చేసినవాళ్ళు ఇంతవరకూ ఆలోచించినట్టు లేదు.

ఈ విషయంలో మా ఆవిడకు అండ బరాక్ ఒబామా. 2008 ఎన్నికల ముందు ఒక టీవీ ముఖాముఖిలో ఆయన, ఇలాంటి చట్టాలు చేయడం కాలం వృథా అంటూనే, అబ్బాయిలు ప్యాంట్లు పైకి లాక్కోవాలని కూడా అన్నాడు. ఆ మొదటి సగం మా ఆవిడకు ఎప్పుడూ గుర్తుండదు. రెండో సగం నేను బయటికి వెళ్ళే ప్రతిసారీ గుమ్మం దగ్గర వినిపిస్తుంది.

ఆరోజూ వినిపించింది. పాత టర్న్‌టేబుల్, అంటే రికార్డులు తిప్పే యంత్రం, ఒకటి అమ్మకానికి ఉందని తెలిసి బయలుదేరాను. టర్న్‌టేబుళ్ళలో రెండు జాతులున్నాయి. ఒక జాతిలో మోటారు పక్కన ఉండి, రబ్బరు బెల్టుతో పళ్ళేన్ని తిప్పుతుంది. ఇంట్లో కూర్చుని వినడానికి అది చాలు. డీజేకు చాలదు. రికార్డును చేత్తో వెనక్కి లాగితే బెల్టు జారుతుంది, వదిలితే వేగం అందుకోవడానికి నీళ్ళు నములుతుంది. రెండో జాతిలో మోటారు మీదే పళ్ళెం కూర్చుంటుంది, మధ్యలో బెల్టు ఉండదు. 1970లో వచ్చిన టెక్నిక్స్ ఎస్‌పీ-10 ఈ జాతికి మూలపురుషుడు. నేను కొన్నది మూలపురుషుడు కాదు, దూరపు చుట్టం. అయినా బరువులో వంశం నిలబెట్టింది.

లిఫ్టు ఆరోజు మరమ్మతులో ఉంది. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, రెండు చేతులతో టర్న్‌టేబుల్‌ను గుండెలకు హత్తుకుని మెట్లెక్కడం మొదలుపెట్టాను. ఒక జేబులో ఫోను, ఇంకో జేబులో ఇంటి తాళాలు, బండి తాళాలు, ఎందుకు దాచానో మరిచిపోయిన తాళాలు. మొదటి అంతస్తు దాటేసరికి ప్యాంటు ప్రయాణం మొదలుపెట్టింది. నేను పైకి, అది కిందికి.

అప్పుడు నాకొక సత్యం బోధపడింది. వీడియోల్లో ర్యాపర్లు మోకాళ్ళు ఎడంగా పెట్టి, నడుము కాస్త వెనక్కి వాల్చి, ఒక భుజం దించి, ఏదీ లెక్కచేయనట్టు తూలుతూ నడుస్తారు చూశారా? అది ధీమా అని నమ్మి అద్దం ముందు ఎంతో సాధన చేశాను. అది ధీమా కానే కాదు. తొడలతో ప్యాంటును పట్టి ఆపడం. ప్రాణం మీదికి వచ్చాక ఆ నడక నాకు ఏ సాధనా లేకుండా అచ్చంగా వచ్చేసింది. చూసేవాళ్ళు లేరు.

ఒకరున్నారు. భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన మాస్టారు రెండో అంతస్తు నుంచి దిగుతున్నారు. హెడ్‌ఫోన్ల వల్ల ఆయన పలకరింపు నాకు వినపడలేదు. ఆయన ఎదురుగా నిలబడ్డాక చూసి, గబుక్కున వీపు గోడకు ఆనించాను. గోడకూ నాకూ మధ్య ప్యాంటు నిలిచింది. తల విదిలిస్తే హెడ్‌ఫోన్లు మెడలోకి జారాయి. ఆరోజు నా ఒంటిమీద జారనిది ఏదీ లేదు.

"ఏమండీ, అలా గోడకు అతుక్కుపోయారు? నడుమునొప్పా?" అన్నారు.

"అవునండీ మాస్టారూ."

"నడుమునొప్పితో ఇంత బరువు మోస్తారా? దించండి."

దించాలంటే వంగాలి. వంగాలంటే గోడను వదలాలి. ఆయన చేతికి ఇవ్వాలన్నా అంతే, పైగా ఆ వయసులో ఆయన చేత మోయించడం పాపం. "పర్వాలేదండీ, ఇలా ఉంటేనే హాయిగా ఉంది" అన్నాను. వెళ్ళిపోతారనుకున్నాను. ఉపాధ్యాయులు అలా వెళ్ళరు.

"రికార్డు ప్లేయరులా ఉందే! మా ఇంట్లోనూ ఉండేది. బెల్టుదేనా?"

"లేదండీ, బెల్టు లేదు."

"బెల్టు లేకుండా ఎలా నడుస్తుంది?"

"అదే కష్టంగా ఉందండీ" అని, ఆయన అడిగింది యంత్రం గురించని తెలిసి, "మోటారు నేరుగా తిప్పుతుందండీ" అని సవరించాను.

అక్కడితో ఆగి ఉంటే గట్టెక్కేవాణ్ణి. కానీ ఆయన కళ్ళజోడు సర్దుకుని, దీనితో ఏం చేస్తారు అని అడిగారు. మా ఇంట్లో ఆ ప్రశ్న ఎన్నడూ ఎవరూ అడగలేదు. నోరు నా ప్రమేయం లేకుండా తెరుచుకుంది. కూల్ హెర్క్ గమనించిందేమిటో చెప్పాను. పాట మధ్యలో పాడేవాళ్ళు ఆగి, డోలు చప్పుడు మాత్రం మిగిలే కొన్ని క్షణాలు వస్తాయి. నాట్యం చేసేవాళ్ళు కాచుకుని కూర్చునేది ఆ కొన్ని క్షణాల కోసమే. అవి ఇట్టే అయిపోతాయి. అందుకని హెర్క్ ఒకే రికార్డు రెండు ప్రతులు తెచ్చి, రెండు యంత్రాల మీద పెట్టాడు. ఒకదాంట్లో ఆ ముక్క అయిపోగానే రెండోదాంట్లో అదే ముక్క మొదలుపెట్టేవాడు. అది అయ్యేలోగా మొదటిదాన్ని వెనక్కి తిప్పి సిద్ధం చేసుకునేవాడు. అలా క్షణాలను నిమిషాలు చేశాడు.

"భలే," అన్నారు మాస్టారు. "అంటే ఈ చెయ్యి ఇటు, ఆ చెయ్యి అటు?"

చేతులు ఖాళీ లేవు కాబట్టి భుజాలతో చూపించాను. ఇటు ఒకసారి. అటు ఒకసారి. "మళ్ళీ ఇటు" అనేసరికి వీపు గోడను వదిలేసింది.

తాళాల గుత్తి గలగలమంది. అది మెట్టుకు తగిలిన చప్పుడుకు ప్యాంటు చేరవలసిన చోటికి చేరిందని ఇద్దరికీ అర్థమైంది.

విమర్శకులు గమనించవలసిన అంశం ఇక్కడొకటి ఉంది. మోకాళ్ళ దాకా వచ్చే టీషర్టును చూసి నవ్వని వాళ్ళు లేరు. ఆ క్షణంలో నా పరువు కాపాడింది ఆ టీషర్టే. వేషంలో ఒక్క ముక్క పట్టుకుని ఎగతాళి చేస్తారు గానీ, మొత్తంగా చూస్తే అందులో ఒక భద్రతా ఏర్పాటు ఉంది.

మాస్టారు నవ్వలేదు. నా కాళ్ళ వైపు చూసి, "ఘర్షణ చాల్లేదు" అన్నారు, పరీక్షలో ఒక మార్కు తగ్గించిన గొంతుతో. తర్వాత వంగి, నేను వద్దు వద్దంటున్నా వినకుండా, ప్యాంటు పైకి లాగారు. పట్టి ఉంచడానికి ఏముందా అని అటూ ఇటూ చూశారు. టర్న్‌టేబుల్ వెనక నుంచి ఎరుపు, తెలుపు మొనలున్న ఆడియో వైరు వేలాడుతోంది. దాని ఒక కొస యంత్రానికే గుచ్చి ఉంది. రెండో కొసను నా ప్యాంటు నడుము కొక్కేల్లోంచి చుట్టూ దూర్చి బిగించి ముడి వేశారు. "ఇంక జారదు. అయితే యంత్రాన్ని దూరం జరపకండి," అని హెచ్చరించి దిగి వెళ్ళిపోయారు.

మిగిలిన మెట్లు నేనూ, నా టర్న్‌టేబులూ ఒకే ముడిలో ఎక్కాం. తలుపు మోచేత్తో కొట్టాను. మా ఆవిడ తీసింది. నన్ను చూసింది, నడుముకు కట్టిన వైరును చూసింది, దాని వెంటే చూపు యంత్రందాకా పోనిచ్చింది.

"అది ఊడదా?" అంది.

"యంత్రమా?"

"ఏదైనా."

ఒబామా ప్రస్తావన రాలేదు. వస్తే బాగుండేదనిపించింది.

ముడి విప్పడానికి మా అబ్బాయి రావలసి వచ్చింది. కొలతకు కుట్టించిన ప్యాంట్లు తప్ప వేసుకోని పిల్లవాడు. నాతో వీధిలో కలిసి నడవాల్సి వస్తే నాలుగడుగులు ముందు నడుస్తాడు. వాడు వైరు విప్పకుండా కాసేపు తేరిపార చూశాడు. పక్కకు తిరగమన్నాడు. ఇటు తిరగమన్నాడు. నల్ల వైరు మీద ఆ ఎరుపు, తెలుపు మొనలు రెండూ తుంటి మీద వేలాడుతున్నాయి. ఫోను తీసి ఒక ఫోటో తీశాడు, నా ముఖం రాకుండా. స్నేహితులకు పంపాడు. ఈ బెల్టు ఎక్కడ కొన్నావని వాళ్ళలో ఒకడు అడిగాడట.

ఆ సాయంత్రమే తలుపు చప్పుడైంది. మాస్టారు. చంకలో అట్ట కవర్ల కట్ట, ఎన్నో ఏళ్ళుగా అటక మీద పడి ఉన్న రికార్డులు. అందులో ఒకటి రెండు ప్రతులు ఉందని, మెట్ల మీద తను సగం విన్న ప్రయోగం పూర్తిగా చూడాలని ఉందని అన్నారు. కుర్చీ వేశాను. రికార్డు తుడిచి పళ్ళెం మీద పెట్టాను. పళ్ళెం చక్కగా తిరిగింది, ముల్లు చక్కగా ఆనింది, శబ్దం మాత్రం లేదు. మాస్టారు లేచి వచ్చి యంత్రం వెనక్కి తొంగి చూశారు. తర్వాత నా నడుము వైపు చూశారు.

"వైరు ఏదండీ?"

"స్నేహితుడి పుట్టినరోజుకు వెళ్ళిందండీ" అన్నాను.